కరణం పెట్టె, సర్వర్ గది

ప్రభుత్వ దస్త్రాలు డేటా సెంటర్లకు చేరిన చరిత్రను ఏ ఏడాది ఏ యంత్రం వచ్చిందన్న వరుసలో చెప్పడం పరిపాటి. తెలుగునాట గ్రామ లెక్కల విషయంలో ఆ వరుస చాలదు. తాటాకు పోయి కాగితం వచ్చినప్పుడూ, కాగితం స్థానంలో సర్వర్ వచ్చినప్పుడూ, లెక్క ఎవరి చేతిలో ఉండాలి, రైతు దాన్ని ఎవరినడిగి చూసుకోవాలి అన్న ఏర్పాటు కూడా మారుతూ వచ్చింది. పాత లెక్కను ఎంత శ్రద్ధగా ఎత్తి రాశారన్న దాన్ని బట్టే ప్రతిసారీ కొత్త ఏర్పాటు విలువ తేలింది.

బ్రిటిష్ పాలనకు ముందు గ్రామ లెక్కలు రాసే కరణాలు ఊరి వివరాలను తాటాకుల మీద ఘంటంతో రాసి కట్టలుగా దాచేవారు. ఈ కట్టలు కవిలెలు. వాటిలో గ్రామ వృత్తాంతాన్ని తరతరాలుగా నమోదు చేసినవి దండకవిలెలు. కడితాలు కూడా వాడుకలో ఉండేవి. చింతగింజల అంబలిలో బొగ్గుపొడి కలిపి గుడ్డకు పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టిన నల్లని పుస్తకమే కడితం. దాని మీద బలపంతో రాసి, అక్కర తీరాక తుడిచి మళ్లీ రాసుకునేవారు. తుడిచి దిద్దగలిగిన ఆ లెక్కకు రాసినవాడి నిజాయితీ తప్ప మరో రక్ష లేదు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యల వంటి సహాయకులతో సేకరింపజేసిన కైఫీయత్తులకు, అంటే గ్రామ చరిత్ర నివేదికలకు, ఈ దండకవిలెలు ముఖ్యమైన ఆధారం. ఆ సేకరణలో చివికిపోతున్న వాటికి తర్వాతి తరంలో సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించడం వల్లనే అనేక గ్రామాల గతం మిగిలింది.

1800లో ఈస్టిండియా కంపెనీ వశమైన దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలం పొలానికీ కొలత మొదలుపెట్టించాడు. కొలిచిన గొలుసు పొడవు 33 అడుగులు. ఒక్కో వైపు అంత పొడవున్న చదరాలు 40 కలిస్తే ఒక ఎకరం. ప్రభుత్వం మధ్యవర్తి లేకుండా నేరుగా రైతు పేరనే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతికి ఇటువంటి సర్వేలే పునాది కాగా, ఆ పద్ధతి స్థిరపడిన కొద్దీ కరణం రాయవలసిన లెక్కలూ పెరిగాయి. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం ఉంది, పట్టా ఎవరిది, సాగు ఎవరిది, ఏ పంట, ఏ నీటి ఆధారం అన్నవి ఏటేటా నమోదయ్యే రిజిస్టరు అడంగల్. ఒక్కో రైతు ఖాతా కింద ఉన్న భూమినంతా ఒకచోట చూపేది చిట్టా. జూలై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరాన్ని బట్టి ఈ లెక్కలు నడిచేవి, వాటిని పై అధికారులు ఏటా తనిఖీ చేసి ఖాయపరచడాన్ని జమాబందీ అనేవారు. నిజాం రాజ్యంలో కరణం స్థానంలో పట్వారీ, అడంగల్ స్థానంలో పహాణీ ఉండేవి. సర్వే తర్వాత తయారైన మూల రిజిస్టరైన సేత్వార్ ఉర్దూలో ఉండడంతో, తెలుగు మాత్రమే చదవగల రైతుకు తన భూమి వివరం పరాయి లిపిలో ఉండిపోయింది. ఆ రాజ్యం భారతదేశంలో విలీనమయ్యాక 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ తెలంగాణ జిల్లాల్లో హక్కుల విచారణకు ముఖ్యాధారంగా నిలిచింది.

వంశపారంపర్య గ్రామోద్యోగాలను ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరి 6న ఆర్డినెన్సుతో రద్దు చేయగా, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఊరి భూముల లెక్క కొన్ని కుటుంబాల సొత్తుగా ఉండడం అన్యాయం కనుక రద్దు చేయవలసినదే. అయితే లెక్కలు కరణాల ఇళ్లలో, చెక్కపెట్టెల్లో ఉండేవి. వాటికి తోడు రిజిస్టరుకెక్కని గట్ల తగాదాలు, నోటిమాట పంపకాలు వారి జ్ఞాపకంలో ఉండేవి. పెట్టెలోని పుస్తకాన్ని స్వాధీనం చేసుకోగలిగినట్టు జ్ఞాపకాన్ని స్వాధీనం చేసుకోవడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. తాలూకాలు పోయి మండలాలు ఏర్పడడంతో ఈ లెక్కలు మండల కార్యాలయాల బీరువాలకు చేరాయి.

భూమి రికార్డుల కంప్యూటరీకరణకు కేంద్ర ప్రభుత్వం 1988–89లో ప్రయోగాత్మకంగా ఎంచుకున్న ఎనిమిది జిల్లాల్లో రంగారెడ్డి ఒకటి. ప్రజలకు కంటికి కనిపించిన మార్పు మాత్రం 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖ ప్రారంభించిన ‘కార్డ్’ పథకంతో వచ్చింది. అంతకు ముందు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ప్రతి దస్తావేజునూ గుమాస్తాలు పెద్ద సంపుటాల్లోకి అక్షరం అక్షరం ఎత్తి రాసేవారు. పేర్లకు ఒకటి, ఆస్తులకు ఒకటి చొప్పున సూచిక పుస్తకాలు ఉండేవి. ఒక ఆస్తిపై జరిగిన అమ్మకాలు, తనఖాలు తెలిపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ కావాలంటే, అంటే వాడుకలో ఈసీ కావాలంటే, ఆ సూచికలను ఏడాది తర్వాత ఏడాదిగా తిరగేయవలసి వచ్చేది. కార్డ్ వచ్చాక రోజులు పట్టే ఈ వెతుకులాట నిమిషాల పనిగా మారి, దస్తావేజును ఎత్తి రాసే బదులు స్కాన్ చేయడం మొదలైంది. కానీ పాత సూచికలను మనుషులే కూర్చుని టైపు చేయాలి కనుక వెనక్కి ఎంతవరకు వెళ్లాలన్న నిర్ణయం తప్పలేదు. 1983 హద్దు అయింది. నేటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కంప్యూటరు ఇచ్చే ఈసీ 1983 నుంచే మొదలవుతుంది, అంతకు ముందరి లావాదేవీల కోసం సంపుటాలున్న కార్యాలయానికి వెళ్లి వెతికించుకోవలసిందే. పాతికేళ్ల కిందట శ్రమనూ ఖర్చునూ చూసి గీసిన గీత ఇప్పుడు ఆస్తి చరిత్రకే గీతలా నిలవడం గమనించదగినది.

తొలినాళ్లలో ప్రతి రిజిస్ట్రేషన్ కార్యాలయానికీ సొంత సర్వర్, అంటే మిగతా కంప్యూటర్లకు సమాచారం అందించే ప్రధాన యంత్రం, ఉండేది. కరెంటు పోతే దానికి బ్యాటరీలు, జనరేటరు కావాలి. చెడితే బాగుచేసే మనిషి రావాలి. నకళ్లు జాగ్రత్త చేయకపోతే అక్కడి సమాచారం అంతటితో పోతుంది. జాతీయ ఈ-గవర్నెన్స్ ప్రణాళికలో భాగంగా రాష్ట్ర స్థాయి నెట్‌వర్కులు, డేటా సెంటర్లు వెలిశాక యంత్రాలన్నీ చల్లబరిచిన ఒక భవనానికి చేరి, నకళ్లు దూరాన మరోచోట ఉంచే ఏర్పాటు వచ్చింది. 2011లో మొదలైన మీసేవ ఈ కేంద్రీకరణ మీదనే నిలబడింది. భద్రత పెరిగిన మాట వాస్తవం. అయితే ఒక కార్యాలయంలో యంత్రం ఆగితే ఆ కార్యాలయమే ఆగే రోజులు పోయి, ‘సర్వర్ డౌన్’ అన్న మాటతో రాష్ట్రమంతటా క్యూలు నిలిచిపోయే రోజులు వచ్చాయి.

2014 విభజన తర్వాత రెండు రాష్ట్రాల దారులు వేరయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2015లో మీభూమి వెబ్‌సైటు ద్వారా అడంగల్‌ను, భూ హక్కుల రికార్డైన 1బీని అందరికీ కనబడేలా పెట్టి, 2020 డిసెంబరులో రీసర్వేకు పూనుకొంది; శతాబ్దం నాటి కొలతలను యథాతథంగా యంత్రంలో పెట్టే బదులు నేలను మళ్లీ కొలవాలన్న ఆలోచన సరైనదే. తెలంగాణ 2017లో రికార్డుల ప్రక్షాళన జరిపి, 2020 సెప్టెంబరులో, అప్పటికి ఊళ్లలో లెక్కలు చూస్తున్న గ్రామ రెవెన్యూ అధికారుల నుంచి ఒక్కరోజులోనే రికార్డులు స్వాధీనం చేసుకొని ఆ వ్యవస్థను రద్దు చేసి, అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను ప్రారంభించింది. 1984 నాటి ఘట్టం మరింత వేగంగా పునరావృతమైంది. ప్రక్షాళనలో వివాదాస్పదమని పార్ట్-బీలో చేర్చిన భూములు కొత్త వ్యవస్థలో పాసు పుస్తకానికి నోచుకోలేదు, తప్పుగా పడిన పేర్లు ఆ తప్పుతోనే తెరకెక్కాయి, వాటిని దిద్దే అధికారం ఊరి స్థాయిలో ఎవరికీ లేకపోయింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. తెర మీది పేరుపై తగాదా వచ్చినప్పుడు మాత్రం తహసీల్దారులు, న్యాయవాదులు ఇప్పటికీ ఖాస్రా పహాణీనీ, సేత్వార్‌నూ, ఆంధ్ర జిల్లాల్లో శిస్తును మళ్లీ నిర్ణయించినప్పుడు తయారైన రీసెటిల్‌మెంట్ రిజిస్టరునూ బయటకు తీయిస్తున్నారు, అందుకోసం అవి జీర్ణావస్థలోనైనా రికార్డు గదుల్లో ఉండవలసి వస్తోంది.