బార్శి అమ్మాయి, హైదరాబాద్ అమ్మాయి: ఫెడ్ కప్‌లో ఒక మెట్టు కథ

ఈసారి కొంచెం పెద్దదే రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

సానియా మీర్జా పుట్టింది ముంబైలో, పెరిగింది హైదరాబాద్‌లో. ఇంత చిన్న విషయం మీద 2014 జూలైలో పెద్ద రభస జరిగింది. కొత్తగా ఏర్పడిన తెలంగాణ ఆమెను బ్రాండ్ అంబాసిడర్‌గా నియమిస్తే, ఒక రాజకీయ నాయకుడు లేచి, ఆమె మహారాష్ట్రలో పుట్టింది, తర్వాత వచ్చి హైదరాబాద్‌లో ఉంటోంది, పైగా పాకిస్తాన్ కోడలు, ఆమె మనది ఎట్లా అవుతుంది అన్నాడు. దానికి ఆమె ఇచ్చిన జవాబు నాకు బాగా గుర్తు. కాన్పు సమయంలో అమ్మకు ఆరోగ్యం బాగా దెబ్బతింటే పెద్దాసుపత్రి కోసం ముంబై తీసుకుపోయారని, మూడు వారాల పసిగుడ్డుగా హైదరాబాద్ తిరిగొచ్చానని, తమ కుటుంబం వందేళ్లకు పైగా ఆ ఊరిదేనని చెప్పింది.

సోలాపూర్‌లో ఉండే మనకు ఈ ప్రశ్న కొత్త కాదు. మన తాతలు మగ్గాల మీద బతుకుదామని వచ్చారు. మూడు నాలుగు తరాలు గడిచాయి. ఇక్కడ మనం 'తెలుగోళ్లం'. కరీంనగర్‌కో వరంగల్‌కో పెళ్లికి పోతే 'సోలాపూరోళ్లు వచ్చిన్రు' అంటారు. అందుకే ఆ మాట ఆమెకెంత గుచ్చుకుందో, వింటున్న మనలో చాలామందికీ అంతే గుచ్చుకుంది.

సరే, అసలు కథలోకి వస్తాను. ఆ గొడవ జరిగిన తొమ్మిది నెలలకు, 2015 ఏప్రిల్ 12న, అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో సానియా, మార్టినా హింగిస్ జోడీ టైటిల్ గెలిచింది. మర్నాడు వచ్చిన డబుల్స్ ర్యాంకుల్లో సానియా ప్రపంచ నంబర్ 1. భారత మహిళల్లో అంతకుముందు ఎవరూ చేరని చోటు అది. పేపర్లన్నీ అదే రాశాయి. అదే వారంలో హైదరాబాద్‌లో జరిగిన ఇంకో సంగతి మాత్రం లోపలి పేజీల్లోకి పోయింది. అక్కడ ఫెడ్ కప్ ఆసియా–ఓషియానియా జోన్ గ్రూప్ 2 పోటీలు జరిగాయి. ప్రపంచ నంబర్ 1 వచ్చి వాటిలో భారత్ తరఫున ఆడింది.

గ్రూప్ 2 అంటే ఏమిటో తెలిస్తే గాని దాని బరువు తెలియదు. పురుషులకు డేవిస్ కప్ ఎట్లాగో, మహిళలకు ఫెడరేషన్ కప్ అట్లా. 1963లో లండన్‌లోని క్వీన్స్ క్లబ్‌లో 16 దేశాలతో మొదలైంది. ముందు దేశాలన్నీ ఒకే ఊళ్లో చేరి ఒక వారంలో తేల్చుకునేవి. దేశాలు పెరిగిపోయే సరికి 1990లలో దాన్ని అంతస్తులుగా కట్టారు. 1995లో పేరు ఫెడ్ కప్‌గా కుదించారు. సానియా హైదరాబాద్‌లో ఆడిన నాటికి పైన వరల్డ్ గ్రూప్‌లో 8 దేశాలు, దాని కింద వరల్డ్ గ్రూప్ 2లో ఇంకో 8. మిగతా ప్రపంచమంతా మూడు జోన్లు: అమెరికాలు, యూరప్–ఆఫ్రికా, ఆసియా–ఓషియానియా. మన జోన్‌లో మళ్లీ గ్రూప్ 1, గ్రూప్ 2. అంటే అప్పట్లో గ్రూప్ 2 మన జోన్‌లో అట్టడుగు మెట్టు. దాని కిందికి పడడానికి ఇంకేమీ ఉండేది కాదు.

ఈ జోన్ పోటీల పద్ధతి కాస్త కఠినం. జట్లన్నీ ఒక ఊరికి వస్తాయి. రోజుకో దేశంతో ఆట. ప్రతి పోరులో రెండు సింగిల్స్, ఒక డబుల్స్, మూడింట రెండు గెలిచినవాళ్లది గెలుపు. పూల్‌లో పైన నిలిచిన జట్టు ఇంకో పూల్ విజేతతో ఆడి గెలిస్తే పై గ్రూప్‌కి పోతుంది. గ్రూప్ 1లో చివర మిగిలినవాళ్లు కిందికి దిగాలి. ఒక్క వారం ఒంట్లో బాగాలేకపోతే ఏడాది పోయినట్టే. దీనికి ర్యాంకింగ్ పాయింట్లు ఉండవు. సొంతంగా టికెట్లు కొనుక్కుని ఊరూరా టోర్నీలు తిరిగే ఆడపిల్లకు ఆ వారం వేరే చోట ఆడితే నాలుగు పాయింట్లొస్తాయి. అయినా వస్తారు.

ఇంకో చిక్కు. గాయాల వల్ల సానియా అప్పటికే సింగిల్స్ మానేసింది. అంటే ప్రపంచ నంబర్ 1 ఉన్నా జట్టుకు ఆమె తెచ్చేది మూడింట ఒక్క మ్యాచే. మిగతా రెండింటిలో ఒకటైనా ఎవరో గెలిచి పెట్టాలి. ఆ డబుల్స్‌కైనా పక్కన ఒక మనిషి కావాలి.

ఆ మనిషి మన జిల్లా అమ్మాయి. ప్రార్థనా తోంబరేది బార్శి. సోలాపూర్ నుంచి బస్సెక్కితే రెండు గంటల లోపు. తెలుగు అమ్మాయి కాదు, మరాఠీ ఇంటి పిల్ల. ఆట కోసం హైదరాబాద్ వెళ్లి సానియా అకాడమీలో శిక్షణ తీసుకుంది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో వీళ్లిద్దరి జోడీకి కాంస్యం వచ్చింది. మన పిల్లలు చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ పోతే 'వెనక్కి పోయారు' అంటాం. బార్శి నుంచి పోయిన మరాఠీ పిల్లకు ఆ ఊరు ఏమవుతుందో నాకు తోచలేదు. ఏదో ఒకటి అయ్యే ఉంటుంది.

గ్రూప్ 1కి ఎక్కే పోరులో ఎదురుగా ఫిలిప్పీన్స్. రెండు సింగిల్స్ అయ్యేసరికి 1–1. అంతా డబుల్స్ మీదికి వచ్చింది. సానియా, ప్రార్థన గెలిచారు. ముంబైలో పుట్టిన హైదరాబాదీ, బార్శిలో పెరిగిన మరాఠీ అమ్మాయి కలిసి, హైదరాబాద్ కోర్టులో, భారత్‌ను ఒక మెట్టు పైకి ఎక్కించారు. ఎవరు స్థానికులు, ఎవరు కాదు అని ఆ రోజు ఎవరూ అడిగినట్టు లేదు! మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌కి కూడా ఈ జోడీయే వెళ్లింది. అక్కడ మొదటి రౌండ్‌లోనే చైనా జోడీ చేతిలో ఓడింది, అది వేరే సంగతి.

ఎక్కడం ఒకెత్తు, నిలబడడం ఇంకొకెత్తు. 2018లో ఢిల్లీలో గ్రూప్ 1 జరిగినప్పుడు భారత్ జారిపోయే అంచుకొచ్చింది. అంకితా రైనా ఆ వారం తనకన్నా ఎంతో పై ర్యాంకులో ఉన్న చైనా అమ్మాయి ఝు లిన్‌ను, కజకిస్తాన్ అమ్మాయి పుతిన్‌ట్సేవాను ఓడించింది. చివరికి చైనీస్ తైపీ మీద గెలిచి మెట్టు నిలబెట్టుకున్నారు. ఇట్లాంటి గెలుపులకు కప్పులుండవు, ఊరేగింపులుండవు. ఉన్నచోట ఉండడమే బహుమానం.

2020 మార్చిలో దుబాయ్. సానియా బిడ్డ పుట్టాక ఆ జనవరిలోనే మళ్లీ రాకెట్ పట్టింది. ఆరు జట్లు, పైన నిలిచిన రెండింటికి ప్లేఆఫ్. మొదటి పోరులోనే చైనా చేతిలో ఓటమి. చాలా జట్లు అక్కడే కుంగిపోతాయి. వీళ్లు వరుసగా ఉజ్బెకిస్తాన్, దక్షిణ కొరియా, చైనీస్ తైపీ, ఇండోనేషియాలను ఓడించారు. చివరి పోరు మళ్లీ 1–1, మళ్లీ డబుల్స్. సానియా, అంకిత మొదటి సెట్ టైబ్రేక్‌లో లాక్కుని రెండోది 6–0తో ముగించారు. భారత మహిళలు ప్లేఆఫ్‌కి చేరడం అదే మొదటిసారి. ఆ ఏడాది ఆసియా–ఓషియానియా నుంచి ఫెడ్ కప్ హార్ట్ అవార్డు సానియాకు వచ్చింది. దానితో వచ్చిన 2,000 డాలర్లను ఆమె తెలంగాణ ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చేసింది. 2014 నాటి ఆ నాయకుడు ఈ వార్త చదివాడో లేదో.

కరోనా వల్ల ఆ ప్లేఆఫ్ ఏడాది వెనక్కి పోయింది. ఈలోపు పోటీ పేరు బిల్లీ జీన్ కింగ్ కప్ అయింది. 2021 ఏప్రిల్‌లో లాత్వియాలోని యూర్మలాలో 3–1తో ఓడి మళ్లీ మన జోన్‌కే వచ్చాం. 2023లో సానియా ఆట నుంచి తప్పుకుంది.

ఇక కథ అయిపోయిందనుకున్నవాళ్లున్నారు. 2025 ఏప్రిల్‌లో గ్రూప్ 1 పుణెకు వచ్చింది. మనకు హుతాత్మ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాలుగు గంటల దూరం. ఈసారి సింగిల్స్ బరువు మోసింది ఇద్దరు హైదరాబాద్ అమ్మాయిలు, శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి. శ్రీవల్లి ఆ వారం సింగిల్స్‌లో ఓడలేదు. డబుల్స్‌లో అంకిత పక్కన నిలబడింది ఎవరనుకున్నారు? మన బార్శి ప్రార్థనే, పదేళ్ల తర్వాత. దక్షిణ కొరియా మీద 2–1తో గెలిచి, న్యూజిలాండ్ తర్వాత రెండో స్థానంతో మళ్లీ ప్లేఆఫ్ చేరారు.

ఆ ప్లేఆఫ్ నవంబరులో బెంగళూరులో జరిగింది. స్లొవేనియా, నెదర్లాండ్స్ రెండు జట్ల చేతిలోనూ ఓడి తిరిగి ఆసియా–ఓషియానియా గ్రూప్ 1కే వచ్చారు. బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్లలో ఎవరైనా కబ్బన్ పార్కు పక్కన స్టేడియానికి పోయి ఆ మ్యాచ్‌లు చూసి ఉంటే చెప్పండి. శ్రీవల్లి సర్వీసు దగ్గర్నుంచి చూస్తే ఎట్లా ఉంటుందో వినాలని ఉంది.