పసిబిడ్డ దినచర్య: ఇస్లామీయ చరిత్రలో ఒక పరిశీలన

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలం (క్రీ.శ. 634–644) నాటి ఒక సంఘటనను ఇబ్నె సఅద్ మొదలైన చరిత్రకారులు నమోదు చేశారు. ఒకనాడు వర్తకుల బిడారు ఒకటి మదీనాకు వచ్చి ఈద్‌గాహ్ వద్ద విడిది చేసింది. ఆ రాత్రి వారి సామగ్రికి కాపలాగా ఖలీఫా స్వయంగా, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో కలిసి మేలుకొని ఉన్నారు. అంతలో ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఖలీఫా వెళ్ళి, బిడ్డను చూసుకోవలసిందిగా తల్లికి చెప్పి వచ్చారు. కొంతసేపటికి మళ్ళీ అదే ఏడుపు. మళ్ళీ వెళ్ళి చెప్పి వచ్చారు. రాత్రి చివరి జామున మూడవసారి వెళ్ళి నిలదీయగా, ఆయన ఎవరో ఎరుగని ఆ తల్లి ఉన్న సంగతి చెప్పింది. పాలు మానిన బిడ్డలకే ఉమర్ భృతి మంజూరు చేస్తున్నాడని, అందువల్ల గడువు రాకముందే బిడ్డ చేత పాలు మాన్పిస్తున్నానని ఆమె జవాబు.

ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో దుఃఖం పొంగి రావడం చేత ఖలీఫా ఖిరాఅత్ వెనుక నిలిచిన వారికి స్పష్టంగా వినిపించలేదు. నమాజు ముగియగానే ఆయన చాటింపు వేయించారు. ఇకమీదట ఏ తల్లీ పాలు మాన్పించడానికి తొందరపడనవసరం లేదనీ, పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి లభిస్తుందనీ ప్రకటించారు. రాష్ట్రాల అధికారులకు కూడా అదే ఆజ్ఞ పంపారు.

మొదటి నిబంధనలో దురుద్దేశం ఏమీ లేదు. అయినప్పటికీ అది ప్రతి ఇంటిలోనూ బిడ్డ నిద్రను, ఆహారాన్ని శాసించింది. పెద్దల లెక్కకు అనుగుణంగా బిడ్డ ఎదగవలసి వచ్చింది. పసిబిడ్డకు దినచర్య ఏర్పరచడమనేది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఆ దినచర్య ఎవరి సౌకర్యం కోసం అన్న ప్రశ్న ఇస్లామీయ చరిత్ర ఆరంభంలోనే, ఒక ఖలీఫా ఎదుటనే తలెత్తిందని గ్రహించాలి.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయంలో స్పష్టమైన పునాది వేసి ఉన్నది. అల్‌బఖరా సూరాలోని 233వ ఆయత్ స్తన్యపానానికి పూర్తి రెండు సంవత్సరాల గడువును పేర్కొన్నది. అంతకు ముందే మాన్పించదలిస్తే తల్లిదండ్రులిరువురూ సంప్రదించుకొని, పరస్పర అంగీకారంతో చేయాలని నిర్దేశించింది. అన్‌నూర్ సూరాలోని 58వ ఆయత్ ఇంటి దినాన్ని మన కళ్ళ ముందు ఉంచుతుంది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత – ఈ మూడు సమయాలలో యుక్తవయస్సు రాని పిల్లలు కూడా అనుమతి తీసుకొని గదిలోనికి రావాలి. మర్యాద నేర్పే ఈ ఆజ్ఞ వెనుక నమాజు వేళలతో విభజింపబడిన ఒక దినక్రమం ఉన్నది. ఏది విశ్రాంతి వేళ, ఏది కలయిక వేళ అన్న సంగతి పిల్లలకు ఈ క్రమం వల్లనే తెలియవస్తుంది.

దైవప్రవక్త (సల్లం) ఆచరణలో ఈ క్రమం కారుణ్యంతో కలిసి కనిపిస్తుంది. సంధ్య చీకట్లు ముసురుకొనే వేళ పిల్లలను బయటికి పోనీయక ఆపవలసిందిగా ఆయన బోధించారు. నమాజులో ఉండగా బిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనస్సు కలత చెందుతుందని నమాజును సంక్షిప్తం చేసేవారు. ఒక రాత్రి ఇషా నమాజు ఆలస్యం కాగా, స్త్రీలూ పిల్లలూ నిద్రపోయారని హజ్రత్ ఉమర్ (రజి) బిగ్గరగా విన్నవించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. మస్జిదులో నిద్రపోయిన ఆ పిల్లలను ఎవరూ తప్పు పట్టలేదు.

ఈ పునాదిపై తరువాతి శతాబ్దాల వైద్యులు పెద్ద కట్టడమే నిర్మించారు. క్రీస్తుశకం 10వ శతాబ్దంలో ఖైరవాన్ నగరానికి చెందిన ఇబ్నుల్ జజ్జార్ శిశుపోషణ కోసమే ఒక ప్రత్యేక గ్రంథం రచించాడు. అదే శతాబ్దంలో మోసుల్ సమీపాన ఉన్న బలద్ వాసి అహ్మద్ అల్‌బలదీ, ఈజిప్టు వజీరు యాఖూబ్ బిన్ కిల్లిస్ కొరకు గర్భిణుల, శిశువుల సంరక్షణపై గ్రంథం వ్రాశాడు. ఈ గ్రంథాల పేర్లలో ‘తద్‌బీర్’ అనే పదం కనిపిస్తుంది. ఉర్దూ తెలిసినవారు దీనిని ‘ఉపాయం’ అని అర్థం చేసుకొంటారు. అరబీలో దీని మూలార్థం పని యొక్క పర్యవసానాన్ని ముందుగా ఆలోచించి ఏర్పాటు చేయడం. బిడ్డ దినచర్య వారి దృష్టిలో ఇటువంటి ముందుచూపే.

ఇబ్నె సీనా (హి.శ. 370–428; క్రీ.శ. 980–1037) తన ‘అల్‌ఖానూన్’ మొదటి సంపుటంలో శిశుపోషణకు నాలుగు అధ్యాయాలు కేటాయించాడు. బిడ్డ నిద్రించే గది మితమైన గాలితో, తీవ్రమైన వెలుతురు లేకుండా ఉండాలంటాడు. మెల్లగా ఊపడం, జోలపాట – ఈ రెండూ నిద్రపుచ్చే సాధనాలుగా పేర్కొంటాడు. బిడ్డ తానుగా పూనుకొనక ముందు కూర్చోబెట్టడం గాని, నడిపించడం గాని తగదని హెచ్చరిస్తాడు. పాకే వయస్సులో నేల నున్నగా ఉండాలనీ, కత్తులు, గుచ్చుకొనే కొయ్యముక్కలు దరిదాపుల లేకుండా తొలగించాలనీ చెబుతాడు. వెయ్యేళ్ళనాటి ఇంటిలోనూ తల్లి కళ్ళు వెదికినవి ఇవేనన్నమాట.

కాస్త ఎదిగిన బిడ్డకు ఆయన నిర్ణయించిన దినక్రమం ఇది: నిద్ర లేచిన తరువాత స్నానం, పిదప కొంతసేపు ఆట, ఆ తరువాత కొద్దిపాటి తిండి, అటుపైన మరింత దీర్ఘమైన ఆట, మళ్ళీ స్నానం, అప్పుడు భోజనం. ఇక్కడ ఆయన వాడిన ‘సాఅత్’ అనే మాటకు గడియారపు గంట అని గాక కొంతసేపు అని చెప్పుకోవడం సమంజసం. ఆయన నిర్ణయించినది వరుస క్రమాన్నే గాని నిమిషాల లెక్కను కాదు. ఈ వరుసలో ఆటకు రెండుసార్లు చోటు దొరికింది. రెండవ ఆట మొదటి దానికంటె పెద్దది.

ఈ క్రమానికి ముందే ఇబ్నె సీనా దాని ఉద్దేశాన్ని వివరించాడు. తీవ్రమైన కోపం, భయం, దుఃఖం, నిద్రలేమి – ఇవి బిడ్డ దరి చేరకుండా చూడాలి. బిడ్డ దేనిని కోరుతున్నాడో, దేనిని చూసి బెదురుతున్నాడో సదా గమనించాలి. కోరినదానిని దగ్గరకు చేర్చి, బెదిరించేదానిని కంటికి దూరం చేయాలి. దీనివల్ల శరీరానికీ, స్వభావానికీ కూడా మేలు కలుగుతుందని ఆయన అభిప్రాయం. గమనించడం ముందు, క్రమం ఏర్పరచడం తరువాత అన్న సూత్రం ఇందులో ఇమిడి ఉన్నది.

ఆ గ్రంథాలలోని ప్రతి మాటా నేటికి చెల్లుతుందని కాదు. నవజాత శిశువు శరీరానికి ఉప్పు రాయడం, భోజనంతో నీరు త్రాగితే జీర్ణం కాదనడం వంటివి ఆనాటి ధాతు సిద్ధాంతంపై ఆధారపడినవి. వాటిని నేటి వైద్యం అంగీకరించదు. తేనె కూడా ఒక సంవత్సరం నిండేవరకు పెట్టరాదని నేటి వైద్యులు చెబుతారు. ఔషధాల సంగతి అలా ఉంచితే, బిడ్డను గమనించే ఆ చూపు మాత్రం పాతబడలేదు.

వైద్యులు చెప్పినదానిని నీతి శాస్త్రజ్ఞులు మరొక వైపు నుండి సమర్థించారు. గ్రీకు రచయిత బ్రైసన్ ఆలోచనలు మిస్కవైహ్ (మరణం క్రీ.శ. 1030) గ్రంథం ద్వారా ఇమామ్ గజాలీ (హి.శ. 450–505) ‘ఇహ్యా’ వరకు చేరాయి. బిస్మిల్లా చెప్పి కుడిచేత తినడం, ఇతరులకంటె ముందు చేయి చాపకపోవడం వంటి అలవాట్లను ఇమామ్ గజాలీ చిన్ననాటి నుండే నేర్పమన్నారు. ఆయన నియమాలలో కొన్ని కఠినంగానే ఉంటాయి. పగటి నిద్రను వారించడం, మెత్తని పడకను మాన్పించడం అందులోవి. అవి బడి ఈడు బాలురను ఉద్దేశించినవి గాని, పసిబిడ్డలకు వర్తింపజేయదగినవి కావు. ఆయన సైతం మక్తబ్ నుండి వచ్చిన బాలుణ్ణి ఆడుకోనివ్వాలన్నారు. ఆటను నిషేధిస్తే హృదయం చచ్చి, తెలివి మొద్దుబారుతుందని హెచ్చరించారు.

దమస్కస్‌కు చెందిన ఇబ్నె ఖయ్యిమ్ (హి.శ. 691–751) ‘తుహ్‌ఫతుల్ మౌదూద్’లో పాలు మాన్పించడం క్రమక్రమంగా జరగాలన్నాడు. ఇబ్నె సీనా కూడా ఆరేళ్ళ బిడ్డను గురువుకు అప్పగించేటప్పుడు ఒక్కసారిగా రోజంతా మక్తబ్‌లో బంధించరాదన్నాడు. ఇరువురి బోధ కూడా ‘తద్‌రీజ్’, అనగా మెట్టు తరువాత మెట్టు. నమాజు ఆజ్ఞాపించడానికి హదీసు నిర్ణయించిన వయస్సు కూడా ఏడేళ్ళు. దక్కనులోని ముస్లిం కుటుంబాలలో నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు జరిపే బిస్మిల్లా వేడుకను ఈ వెలుగులో చూడాలి. అది మొదటి మెట్టు మాత్రమే. ఆ మరునాటి నుండి బిడ్డ ఆటను, నిద్రను హరించడానికి అది అనుమతి కాదు.

క్రమం లేని ఇంటిలో బిడ్డ నిద్రకూ ఆకలికీ వేళ ఉండదు. కనికరం లేని క్రమంలో బిడ్డకు చోటు ఉండదు. మదీనాలోని ఆ తల్లి రెండవ దానికి బలి కాబోయింది. ఆమె బిడ్డను కాపాడడానికి ఖలీఫా తన శాసనాన్ని మార్చుకొన్నారు. పసివాని ఏడుపు విని తమ ఏర్పాటును తిరిగి పరిశీలించుకోవడం ఇంటి పెద్దకు చిన్నతనం కానేరదు. అది హజ్రత్ ఉమర్ (రజి) నడిచిన బాట.