ఎలుకల దగ్గర దొరికిన లెక్క

1948లో అమెరికాలోని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, రక్త కేన్సర్ వచ్చిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ మందు ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. 10 మందికి గుణం కనిపించింది. ఆ మందు తయారైన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇంతవరకు మనలో చాలామందికి తెలుసు. కానీ కొన్ని నెలల్లోనే ఆ పిల్లలకి జబ్బు తిరగబెట్టింది.

ఎందుకు తిరగబెట్టింది? అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో హోవర్డ్ స్కిపర్ ఎలుకల మీద పనిచేసి దీనికి జవాబు వెతికాడు. ఒక్క కేన్సర్ కణం ఎక్కించినా చాలు, అది రెండు, నాలుగు, ఎనిమిది అవుతూ పోయి ఎలుకను చంపేసేది. ఇంకో సంగతి కూడా తేలింది. మందు ప్రతిసారీ ఇన్ని కణాలని చంపదు, ఉన్నవాటిలో ఇంత శాతం అని చంపుతుంది. ఇది 1964లో అచ్చయింది.

మనమే లెక్క వేద్దాం. ఒంట్లో లక్ష కోట్ల కణాలు ఉన్నాయనుకోండి. మందు 99.9 శాతం చంపింది. పరీక్షలో అయితే అది ఫస్ట్ ర్యాంకే! కానీ ఇంకా 100 కోట్లు మిగిలాయి. రెండోసారికి 10 లక్షలు, మూడోసారికి 1000, నాలుగోసారికి 1. మధ్యలో పెరిగేవి వేరే. మొదటిసారికే పిల్లాడు లేచి ఆడుకుంటాడు, సూక్ష్మదర్శినిలో కూడా ఏమీ కనపడకపోవచ్చు. తల్లిదండ్రులు ఇక చాలంటారు. లెక్క మాత్రం ఆపొద్దంటుంది. బాగున్నట్టు కనిపించే పిల్లాడికి వాంతులు తెప్పించే మందు మళ్లీ ఎక్కించడానికి ఆ డాక్టర్లకి ఎంత ధైర్యం కావాలో అనిపిస్తుంది నాకు.

ఆ రోజుల్లోనే బెథెస్డాలో ఎమిల్ ఫ్రైరైక్, ఎమిల్ ఫ్రై (ఇద్దరి పేరూ ఎమిలే) నాలుగు మందులు కలిపి ఇచ్చారు. అందులో ఒకటి అమినోప్టెరిన్‌కి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్. అది కూడా లెడర్లీదే. పిల్లలు కోలుకున్నారు, కానీ చాలామందికి ఈసారి జబ్బు మెదడులో బయటపడింది. రక్తంలోని మందు అక్కడికి సరిగా చేరదు. స్కిపర్ లెక్కకి దాక్కునే చోటు సంగతి తెలియదు కదా.

మెంఫిస్‌లో డొనాల్డ్ పింకెల్ ఆ చోటుకే గురి పెట్టాడు. తలకు రేడియేషన్ ఇచ్చి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి మెథోట్రెక్సేట్ ఎక్కించాడు. మామూలు మందులు రెండు మూడేళ్లు ఆపలేదు. 1960ల చివర్లో ఇలా వైద్యం పొందిన పిల్లల్లో దాదాపు సగం మందికి జబ్బు మళ్లీ రాలేదు.