జరగని ప్రమాదాల చరిత్ర

విశ్రాంత ఉద్యోగుల ప్రత్యేక సంచికకు వ్యాసం అంటే ఎవరి శాఖ గురించి వారు నాలుగు మంచి మాటలు రాయడం ఆనవాయితీ. రోడ్లు, భవనాల శాఖవారు కట్టించిన వంతెన చూపిస్తారు. విద్యుత్ శాఖవారు లైను వేయించిన ఊళ్ళ పేర్లు చెబుతారు. ఉపాధ్యాయులకు శిష్యులున్నారు. విమాన భద్రతా పర్యవేక్షణలో జీవితం గడిపినవారికి మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు. వాళ్ళ పని సరిగ్గా జరిగిన రోజున పత్రికలో వార్త రాదు. బహుశా అందుకే ఈ ఉద్యోగం ఎలా మొదలైంది, ఎలా మారింది, ఎక్కడ తడబడింది అన్న చరిత్ర మనలో చాలామందికి తెలియదు.

చంపాపేటకూ విమానాలకూ సంబంధమేమిటని కొందరు సభ్యులు అడగవచ్చు. ఆకాశమార్గాన కొలిస్తే మన పేటకు ఉత్తరాన బేగంపేట సుమారు 13 కిలోమీటర్లు, నైరుతి దిక్కున శంషాబాదు సుమారు 15 కిలోమీటర్లు. అంటే పాత విమానాశ్రయానికీ కొత్తదానికీ నడుమ మనం కాపురాలుంటున్నాం. పక్కనున్న కంచన్‌బాగ్ ప్రయోగశాలల్లో పనిచేసి రిటైరైన మిత్రులకైతే, ఒక యంత్రం ఎందుకు విఫలమైందో కమిటీ వేసి వెతకడం కొత్త సంగతి కాదు.

మన దేశంలో పౌర విమానయానానికి ప్రత్యేక శాఖ 1927లో ఏర్పడింది. 1934లో విమాన చట్టం, 1937లో నిబంధనలు వచ్చాయి. హైదరాబాదు సంస్థానంలో 1945లో నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంతో దక్కన్ ఎయిర్‌వేస్ మొదలైంది. దేశంలో వాణిజ్య పైలట్‌గా లైసెన్సు పొందిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు మిగతా కంపెనీలు మొండిచెయ్యి చూపితే ఉద్యోగం ఇచ్చింది ఈ కంపెనీయే. 1953 ఆగస్టులో జాతీయీకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తర్వాతి కాలంలో ఆ సంస్థ కేంద్ర శిక్షణ సంస్థ కూడా హైదరాబాదులోనే ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి పైలట్లు ఇక్కడికి వచ్చి సిమ్యులేటర్ మీద సాధన చేసి పోయేవారు.

ఆ పాత నిబంధనల్లో ఒక సంగతి ముచ్చటగా ఉంటుంది. 91వ నిబంధన ప్రకారం విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల బహిరంగంగా జంతువులను వధించడం, తోలు తీయడం, చెత్త పారవేయడం నిషిద్ధం. పక్షులను ఆకర్షించేవన్నీ విమానానికి శత్రువులే. బేగంపేట చుట్టూ ఊరు పెరిగిపోయి, మాంసపు వ్యర్థాలకోసం గద్దలు గుమిగూడే రోజుల్లో ఈ నిబంధనను అమలుచేయడం ఎంత కష్టమో ఊహించుకోండి. విమానాన్ని తనిఖీ చేయడానికి ఇంజినీరు ఉన్నాడు. ఊరి చెత్తకుప్పను తనిఖీ చేయాలంటే మున్సిపాలిటీవారిని బతిమాలుకోవాలి. భద్రత అనేది ఒక్క శాఖ చేతిలో ఉండే పని కాదని అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

ఇక అసలు విషయం. చాలా దశాబ్దాలపాటు ఈ పర్యవేక్షణ పద్ధతి ఒకటే. ప్రమాదం జరుగుతుంది. విచారణ వేస్తారు. తప్పు ఎవరిదో తేలుస్తారు. ఒక కొత్త నిబంధన పుస్తకంలో చేరుతుంది. రోడ్డు మీద బస్సు బోల్తాపడితే ముందు డ్రైవరు ఎవడని అడుగుతాం చూడండి, అలాగే. పైలట్ బతికి ఉంటే శిక్ష, పోతే నింద. ప్రతి నిబంధన వెనుకా కొన్ని ప్రాణాలు ఉన్నాయని విమానరంగంలో అనుకునే మాటకు అర్థం ఇదే.

1990 ఫిబ్రవరి 14న బెంగుళూరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ-320 రన్‌వేకు ముందే నేలను తాకి కూలిపోయింది. ఉన్నది 146 మంది, పోయింది 92 మంది. విమానం కొత్తది, దాని కంప్యూటర్ పద్ధతి కొత్తది. దిగుతున్నప్పుడు ఇంజన్లు కనిష్ఠ శక్తికి పడిపోయి వేగం తగ్గుతున్నదన్న సంగతిని పైలట్లు సకాలంలో గుర్తించలేదని, ఒక మీట తిప్పబోయి మరొకటి తిప్పి ఉండవచ్చని విచారణ తేల్చింది. దేశంలోని ఎ-320 విమానాలన్నిటినీ నెలల తరబడి నేల మీద నిలిపివేశారు. తప్పు తేలింది, నిజమే. కాని ఒక మీట బదులు మరొకటి తిప్పే అవకాశం ఆ కాక్‌పిట్‌లో ఎందుకుంది, అంతకుముందు ఎంతమంది అలా తిప్పి ఆఖరి క్షణంలో సర్దుకుని ఎవరికీ చెప్పలేదు అన్న ప్రశ్నకు పాత పద్ధతిలో చోటు తక్కువ.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకస్థాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించినప్పుడు కొంత కదలిక వచ్చింది. కజక్ విమానం 15,000 అడుగుల ఎత్తులో ఉండవలసింది, ఇంకా కిందికి దిగింది. 14,000 అడుగులవద్ద సౌదీ విమానం వస్తున్నది. జస్టిస్ లాహోటీ విచారణలో కజక్ సిబ్బంది తప్పు తేలింది. అయితే ఢిల్లీకి వచ్చే విమానాలకూ వెళ్ళే విమానాలకూ దారి ఒకటే. ఎత్తును చూపించే రాడార్ అప్పటికి వాడుకలోకి రాలేదు. విచారణ తర్వాత రాకపోకల దారులు వేరుచేశారు, ఎత్తు చూపే రాడార్ వాడుకలోకి తెచ్చారు, ఎదురుగా వచ్చే విమానం గురించి హెచ్చరించే పరికరాన్ని తప్పనిసరి చేశారు. ఒక మనిషి పొరపాటు పడినా ఇంకో అడ్డు ఉండాలి అన్న ఆలోచన ఇది.

ఈ ఆలోచనకు బయటి దేశాల్లో అప్పటికే పునాది పడి ఉంది. 1974 డిసెంబరు 1న అమెరికాలో డల్లెస్ విమానాశ్రయం దగ్గర టి.డబ్ల్యు.ఎ. విమానం కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. అంతకు ఆరు వారాల ముందు వేరొక కంపెనీ విమానం అదే చోట, అదే రకం అపార్థంతో కొండను కొద్దిలో తప్పించుకుంది. ఆ కంపెనీ తన పైలట్లకు మాత్రం చెప్పుకుంది. పక్క కంపెనీకి ఆ కబురు చేరలేదు. ఈ చేదు అనుభవం నుంచి 1976లో, పైలట్లూ ఇతర సిబ్బందీ తమకు ఎదురైన గండాలను భయం లేకుండా రాసి పంపే ఏర్పాటు వచ్చింది. దాన్ని శిక్షించే అధికారమున్న శాఖ చేతిలో పెట్టకుండా నాసా చేతిలో పెట్టడం తెలివైన పని. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి పోలీసు దగ్గర ఉంటే అందులో కాగితం ఎవరు వేస్తారు?

తర్వాత బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ దీనికొక రూపం ఇచ్చాడు. ప్రతి రక్షణ ఏర్పాటూ చిల్లులున్న జున్నుముక్క లాంటిది. ముక్కలన్నిటి చిల్లులూ ఒకే వరసలోకి వచ్చిన రోజున ప్రమాదం వాటిగుండా దూసుకువస్తుంది. మనవాళ్ళకు జున్నుకన్నా రవ్వదోసెలతో చెబితే తొందరగా అర్థమవుతుంది. పదిదోసెలు దొంతరగా పేర్చి చూడండి, అవతలి వెలుతురు కనబడటం చాలా అరుదు. చివరి దోసె పైలట్. దాన్ని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు.

మన ఉమ్మడి రాష్ట్రంలో ఆ చిల్లులు వరసకు వచ్చిన రోజులు రెండు చెప్పుకుందాం. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ భీమవరం నుంచి బయలుదేరి కైకలూరు దగ్గర కొవ్వాడలంక చేపలచెరువులో కూలింది. రెండోది 2009 సెప్టెంబరు 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఆయనతో మరి నలుగురు బేగంపేటలో బెల్ 430 హెలికాప్టర్ ఎక్కి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. మర్నాటికి గాని నల్లమలలో పావురాలగుట్ట మీద శకలాలు కనబడలేదు. రాష్ట్రం ఎలా తల్లడిల్లిందో మనకందరికీ గుర్తే. విద్రోహం జరిగిందని పుకార్లు లేచాయి.

ఆర్.కె. త్యాగి నాయకత్వాన వేసిన కమిటీ చెప్పింది వేరు. దారిలో తీవ్రమైన మేఘాలు. అదే సమయంలో గేరుపెట్టె చమురు ఒత్తిడికి సంబంధించిన హెచ్చరిక ఒకటి వెలిగింది. దాని పరిష్కారంకోసం చెక్‌లిస్టులో వెతకడంలో పైలట్లిద్దరూ విలువైన నిమిషాలు గడిపారు. ఈలోగా హెలికాప్టర్ బలమైన దిగుగాలిలో చిక్కి అదుపు తప్పింది. నా దృష్టిలో ఇక్కడ అడగవలసిన ప్రశ్న యంత్రం గురించి కాదు. ముందున్నది ముఖ్యమంత్రి పర్యటన, అక్కడ జనం ఎదురుచూస్తున్నారు. అలాంటప్పుడు 'వాతావరణం బాగాలేదు, వెనక్కి పోదాం' అనే మాట పైలట్ నోటికి ఎంత సులువుగా వస్తుంది? ప్రముఖుల ప్రయాణాలకు ఎనభైల దశకం నుంచే మార్గదర్శకాలున్నాయి. పైలట్ మీద ఒత్తిడి తేరాదని కాగితం చెబుతుంది. ఒత్తిడి తేవడానికి ఎవరూ నోరు విప్పనక్కరలేదు, ప్రయాణికుడి హోదా చాలు.

ఇదే జబ్బు మరో రూపంలో 2010 మే 22న మంగుళూరులో బయటపడింది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది పోయారు, ఎనిమిది మంది మిగిలారు. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడని, దిగేటప్పుడు పక్కనున్న జూనియర్ పైలట్ మూడుసార్లు 'పైకి లేపండి' అని హెచ్చరించాడని విచారణలో వచ్చింది. చెప్పాడు గాని కంట్రోలు తన చేతిలోకి తీసుకోలేదు. మన ఆఫీసుల్లో సూపరింటెండెంటుగారి ఫైలులో కూడిక తప్పుంటే ఎంతమందిమి ఎత్తిచూపాం? మనకైతే పోయేది ఇంక్రిమెంటు.

అదే 2010 జులైలో మన డి.జి.సి.ఎ. భద్రతా నిర్వహణ వ్యవస్థను నిబంధనగా తెచ్చింది. దీన్నే ఎస్.ఎం.ఎస్. అంటారు, సెల్‌ఫోను సందేశం కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2006లో దీనిమీద గ్రంథం వేసింది. 2013లో ఇందుకోసమే 19వ అనుబంధాన్ని అమలులోకి తెచ్చింది. కాగితం మీద దీనికి నాలుగు స్తంభాలూ చాలా ఉప అంశాలూ ఉన్నాయి, వాటి జోలికి పోను. సారాంశం రెండే. సంస్థ అధిపతి సంతకం చేసి భద్రతకు తానే జవాబుదారీ కావాలి. కింది ఉద్యోగి చిన్న గండాన్ని రాస్తే శిక్షించకూడదు, బుద్ధిపూర్వకంగా చేసిన అపరాధం వేరు.

రెండోది చెప్పినంత తేలిక కాదు. రాత్రి డ్యూటీ టెక్నీషియన్ పని ముగించి పనిముట్లు లెక్కపెట్టుకుంటే టార్చిలైటు ఒకటి తగ్గింది అనుకుందాం. అది ఇంజన్ కవరు లోపల ఉండవచ్చు, జీపులో ఉండవచ్చు. చెబితే ఉదయం విమానం రెండుగంటలు ఆలస్యం, మేనేజరు చిరాకు, రెండువందల మంది ప్రయాణికుల తిట్లు. చెప్పకపోతే తొంభైతొమ్మిది సార్లు ఏమీ కాదు. అతను చెప్పాడా లేదా అన్నది ఏ ఇన్‌స్పెక్టరూ రాంప్ మీద తనిఖీచేసి కనుక్కోలేడు. ఆ ఉదయం అతన్ని మేనేజరు ఏమన్నాడో, ఆ మాట మిగతా షిఫ్టులకు ఎలా పాకిందో, దానిమీద మొత్తం వ్యవస్థ నిలబడుతుంది. అందుకే మంచి పర్యవేక్షణాధికారి ఒక సంస్థకు వెళితే రిపోర్టులు ఎక్కువ వచ్చాయని కంగారుపడడు. ఏడాదంతా ఒక్కటీ రాలేదంటేనే కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంటాడు.

పర్యవేక్షించేవారే లేకపోతే? 2014 జనవరి 31న అమెరికా విమానయాన సంస్థ మన దేశాన్ని రెండో తరగతికి దించింది. ముఖ్య కారణం, పూర్తికాలపు ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్ల కొరత. విమానాలు పెరిగాయి, చూసే కళ్ళు పెరగలేదు. మన కంపెనీలు అమెరికాకు కొత్త సర్వీసులు పెంచుకునే వీలు పోయింది. ఖాళీలు నింపి, లోపాలు దిద్దుకుని 2015 ఏప్రిల్‌లో మళ్ళీ మొదటి తరగతి తెచ్చుకున్నాం. అప్పటి విమానయాన మంత్రి మన విజయనగరం అశోక్ గజపతిరాజుగారు.

హెచ్చరిక ఉండి కూడా వినని సందర్భమూ ఒకటి చెప్పాలి. కోళికోడ్ రన్‌వే కొండమీది బల్లలాంటిదని, వానలో ప్రమాదమని కెప్టెన్ మోహన్ రంగనాథన్ 2011లోనే లిఖితపూర్వకంగా తెలిపారు. 2020 ఆగస్టు 7న అక్కడ వానలో విమానం జారిపడి 21 మంది మరణించారు.

తర్వాతి మార్పులు త్వరత్వరగా వచ్చాయి. ప్రమాదాలను విచారించే పనిని నియంత్రణ శాఖనుంచి విడదీసి 2012లోనే ప్రత్యేక బ్యూరో పెట్టారు. ఇన్‌స్పెక్టరు తన తనిఖీమీద తానే తీర్పు చెప్పకూడదు కదా. 1934 నాటి చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాన్ని సభలో నడిపిన మంత్రి కూడా మనవారే, శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడుగారు. బ్లాక్‌బాక్సుల సమాచారం చదివే ప్రయోగశాల 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో మొదలైంది. రెండు నెలలు దాటీ దాటగానే, జూన్ 12న అహమ్మదాబాదులో ఎయిర్ ఇండియా విమానం కూలి 260 మంది చనిపోయారు. ఆ విమానం పెట్టెలను అక్కడే చదివారు. జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక ఇంధనం స్విచ్‌లు ఆగిపోయే స్థితికి మారాయని చెప్పింది. ఎందుకు మారాయో చెప్పలేదు. అయినా టి.వి. చర్చల్లో ఆ వారంలోనే పైలట్లకు శిక్ష పడిపోయింది. తొంభై ఏళ్ళ అలవాటు కదా.

అదే సంవత్సరం మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం డి.జి.సి.ఎ.లో మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉన్నాయని ఎత్తిచూపింది. పైలట్ అర్హతలున్నవారికి కంపెనీలు ఇచ్చే జీతం సర్కారు ఇవ్వలేకపోవడం ఒక కారణం. ఏరోనాటికల్ ఇంజినీరింగు చదివి అమెరికా వీసాకోసం ఎదురుచూస్తున్న మనవలు, మనవరాళ్ళు మన కాలనీల్లో చాలామంది ఉన్నారు. ఎయిర్ సేఫ్టీ ఆఫీసర్, ఎయిర్‌వర్తినెస్ ఆఫీసర్ పోస్టులకు యు.పి.ఎస్.సి. అప్పుడప్పుడు ప్రకటనలు వేస్తుంది. అర్హత, వయసు, అనుభవం షరతులు అందులోనే ఉంటాయి. కనబడితే కత్తిరించి వాళ్ళకు ఇవ్వండి.