పిడి మీద గంట్లు

పెనుగొండలో కన్యకా పరమేశ్వరి అమ్మవారి గుడి చుట్టుపక్కల వీధుల్లో, మా చిన్నప్పుడు పొద్దున్న పదింటికి ఒక కేక వినిపించేది. "రోళ్లకు గంట్లు కొడతాం... తిరగళ్లకు గంట్లు కొడతాం!" భుజాన గోనెసంచి, అందులో రెండు మూడు ఉలులు, ఒక సుత్తి. అంతే అతని సామాను. మామ్మ అరుగు మీద నుంచే పిలిచేది. ఏడాదంతా పప్పు రుబ్బీ రుబ్బీ అద్దంలా నున్నబడిన రుబ్బురోలు పెరట్లో ఉండేది. అతను దాని ముందు గొంతుక్కూర్చుని, కళ్లు సగం మూసి, టకటకమంటూ పని మొదలెట్టేవాడు. రాతి పొడి అతని కనుబొమల మీద తెల్లగా పేరుకునేది.

"మామ్మగారూ, లోతుగా కొట్టమంటారా అండి?"

"మరీ లోతొద్దు నాయనా, పప్పంతా గంట్లలో ఇరుక్కుపోద్ది. అలాగని పైపైన గీకి లేచిపోతే నెల తిరక్కుండా మళ్లీ నున్నబడిపోద్ది. చూసి కొట్టు."

చాలా ఏళ్ల తర్వాత పిస్టల్ పిడి గరుకు చేసే పని గురించి తెలుసుకుంటుంటే ఆ "చూసి కొట్టు" అన్న మాటే చెవిలో మోగింది. తుపాకీ మిస్త్రీ ముందున్న చిక్కు కూడా అచ్చంగా అదే. ఎంత లోతు, ఎంత దగ్గరగా?

పిస్టల్‌ను చేత్తో పట్టుకుంటే బొటనవేలు ఒక పక్కకు, అరచేయి వెనక్కు పోతాయి. చూపుడువేలు ట్రిగ్గర్ దగ్గర ఉంటుంది. మిగిలిన మూడు వేళ్లూ పిడి ముందు భాగాన్ని చుట్టుకుంటాయి. ట్రిగ్గర్ గార్డు కింది నుంచి పిడి అడుగు దాకా ఉండే ఆ సన్నని లోహపు పట్టీనే ఫ్రంట్ స్ట్రాప్ అంటారు. గుండు పేలగానే తుపాకీ వెనక్కి తన్నుతుంది, మూతి పైకి లేస్తుంది. దాన్ని పట్టి ఆపేది ఆ మూడు వేళ్లే. ఆ పట్టీ నున్నగా ఉండి, చేతికి చెమట పట్టి ఉంటే పిడి చేతిలోనే కాస్త తిరిగిపోతుంది. అప్పుడు రెండో గుండుకు ముందు పట్టు మళ్లీ సర్దుకోవాలి. ఉక్కపోతలో పుట్టి పెరిగిన మా గోదావరి డెల్టా వాళ్లకు చెమటచేతి సంగతి ఒకరు చెప్పాలా? మే నెలలో సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నా చేయి జారే నేల ఇది.

అమెరికా సైన్యం 1911 మార్చి 29న ఒక పిస్టల్‌ను తన ఆయుధంగా తీసుకుంది. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన అది. ఆ ఏడాది పేరుతోనే ఇప్పటికీ దాన్ని 1911 అంటారు. దాని పిడికి రెండు పక్కలా బిగించిన వాల్‌నట్ చెక్కల మీద వజ్రాల ఆకారపు గళ్లు చెక్కారు. వేళ్లు గట్టిగా బిగుసుకునే ఆ ముందరి పట్టీని మాత్రం నున్నగా వదిలేశారు. 1920లలో ఆ పిస్టల్‌ను సవరించినప్పుడు వెనక భాగాన్ని కొంచెం ఉబ్బెత్తుగా చేసి గరుకు పెట్టారు, ట్రిగ్గర్ పొట్టిదయింది. ముందు పట్టీ జోలికి అప్పుడూ పోలేదు. సైన్యం కోసం దాని తయారీ 1945తో ఆగిపోయే దాకా అది నునుపుగానే ఉండిపోయింది. అందుకే గురి పోటీల వాళ్లు తమ పిస్టళ్లను మిస్త్రీల దగ్గరికి పట్టుకెళ్లి ఆ ఒక్క పట్టీకి గళ్లు చెక్కించుకోవడం మొదలుపెట్టారు. 1985లో అమెరికా సైన్యం 1911ను పక్కనపెట్టి బెరెట్టా పిస్టల్‌ను తీసుకుంది. దాని పిడికి ముందూ వెనకా నిలువు చారలు ఫ్యాక్టరీలోనే వచ్చేశాయి. వేళ్లకు ఎప్పుడో తెలిసిన సంగతి కాగితం మీది నమూనాకు ఎక్కడానికి ఇన్నేళ్లు పట్టింది.

మనకేమిటి ఈ పిస్టల్ గోల అనుకోవద్దు. పిడి మన పాత మాట. పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు, పిడిబాకు అన్నీ దాని చుట్టాలే. ఆయుధాల చరిత్రలో తెలుగు నేలకున్న చోటు కూడా చిన్నది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుమును కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లింది. 1820లో హెన్రీ వాయిసీ అనే సర్వే డాక్టరు ఆ ఊరు వెళ్లినప్పుడు, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు కొలిమి దగ్గరే కూర్చుని ఉక్కు కొనుక్కుంటూ కనిపించాడు. అంతకు నూటయాభై ఏళ్ల ముందే ఫ్రెంచి యాత్రికుడు తెవనో ఆ దగ్గరలోని ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు చేసేవాళ్ల గురించి రాశాడు. మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండ ఉక్కును ఓడలకెత్తిన డచ్చివాళ్లకు మా పెనుగొండ పక్కనున్న పాలకొల్లులోనూ కోఠీ ఉండేది. చివరికి 1825లో పాలకొల్లు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

ఆ ఉక్కు గురించి రాసినవాళ్లంతా కత్తి అలుగు మీద నీటి అలల్లా కదిలే గీతల్నే చూసి మురిసిపోయారు. నాకు మాత్రం పిడే ముచ్చట. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్తే అలుగును వదిలి పిడి దగ్గర ఆగండి. తల్వార్ పిడి నడుమ కాస్త లావుగా ఉండి, చివర పళ్లెం లాంటి బిళ్ల ఉంటుంది. చేయి వెనక్కి జారకుండా ఆ బిళ్ల ఆపుతుంది, నడిమి లావు అరచేతి గుంటను నింపుతుంది. కొన్నింటి మీద బంగారు, వెండి తీగలతో లతలు, పూలు ఉంటాయి. కోఫ్త్‌గారీ అంటారు ఆ పనిని. ఆ తీగ ఇనుముకు ఎలా అంటుకుందో తెలిశాక నాకు నోట మాట రాలేదు. పనివాడు ముందు ఇనుము మీద వెంట్రుకంత సన్నని గాట్లు అడ్డంగా, ఏటవాలుగా కోసి ఆ భాగమంతా గరుకు చేస్తాడు. ఆ తర్వాతే తీగను పరిచి సుత్తితో అదుముతాడు. బంగారమైనా సరే, గంట్లు లేని ఇనుమును పట్టుకోదు.

ఇంత చేతిపని తెలిసిన నేల మీద తుపాకీ పిడికి గళ్లు చెక్కే మిస్త్రీలు వీధికొకరు ఎందుకు లేరు? నా లెక్కలో దీనికి పెద్ద కారణం 1878 నాటి ఆయుధాల చట్టం. లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన ఆ చట్టం లైసెన్సు లేకుండా భారతీయుడి చేతిలో ఆయుధం ఉండకూడదంది. ఇంగ్లీషువాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. మా జిల్లాలోని మోగల్లు అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు. ఆయన మన్యంలో 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి 26 తుపాకులు తీసుకెళ్లారు. మన మనిషి చేతికి మంచి తుపాకీ రావాలంటే అప్పట్లో దారి అది. తుపాకీని తన అరచేతికి తగ్గట్టు తీరిగ్గా చెక్కించుకునే రోజులు కావవి.

ఆ పనితనం మన దగ్గర పొలాల్లో, వంటిళ్లలో బతికింది. వరి కోసే కక్కు కొడవలి పంటి అంచు మొద్దుబారితే కమ్మరి ఉలి పెట్టి కక్కులు మళ్లీ తీసేవాడు. తుమ్మ చెక్కతో చేసిన కొడవలి పిడి నాలుగు కోతలకు చెమటకీ రాపిడికీ నున్నబడి మెరుస్తుంది. అప్పుడు దానికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టేసుకుంటారు. తుపాకీకి గళ్లు చెక్కించుకునే స్తోమత లేని షూటర్లు ఈనాటికీ చేసేది అదే. సైకిల్ ట్యూబు తొడుగుతారు, లేదంటే గరుకు టేపు అంటిస్తారు. చవక, వద్దనుకుంటే ఊడదీసుకోవచ్చు.

పిడి మహిమ కళ్లారా చూడాలంటే హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆట చూడాలి. 2005లో పుట్టిన ఆమె 2018లో, పదమూడేళ్లకే, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ ఛాంపియన్ అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ స్వర్ణం 25 మీటర్ల పిస్టల్ జట్టు పోటీలోది. ఆ పోటీ రెండో భాగంలో షూటర్ చేయి కిందికి దించి నిలబడాలి. లక్ష్యం 3 సెకన్లు కనబడి 7 సెకన్లు మాయమవుతుంది. ఆ 3 సెకన్లలోనే చేయెత్తి, గురి చూసి, ఒకటే గుండు పేల్చాలి. మళ్లీ దించాలి, మళ్లీ ఎత్తాలి. ఇలా ఒక్కో విడతకు అయిదుసార్లు. పట్టు వెంట్రుకవాసి కదిలినా గుండు మధ్య గడి దాటిపోతుంది. అందుకే ఈ పిస్టళ్ల చెక్క పిడులను ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు అరగదీసుకుంటారు. చాలని చోట చెక్క లప్పం పెట్టి నింపుకుంటారు. పిడి ఒంటినిండా చిన్న చిన్న చుక్కలు పొడిచి ఉంటాయి. స్టిప్లింగ్ అంటారు దాన్ని. మా వీధిలో రోలు మీద పడ్డ గంట్లకు తమ్ముళ్లే ఆ చుక్కలు.

ఉక్కు పట్టీ మీద గళ్లు చెక్కడం ఇంకా ఓపికతో కూడిన పని. మన దేశంలో లైసెన్సున్న మిస్త్రీ తప్ప ఇంకెవరూ తుపాకీని బాగుచేయకూడదు. మిస్త్రీ ముందు పిడిని బల్లకు బిగించి, గళ్లు ఆగాల్సిన హద్దుల్లో టేపు అంటిస్తాడు. అతని దగ్గర ఒకేసారి నాలుగైదు గీతలు తీసే ఆకురాయి ఉంటుంది. దాంతో ముందు నిలువు గీతలు తీస్తాడు. పట్టీ వంపు తిరిగి ఉంటుంది కనుక ప్రతి వరసకూ ఆకురాయిని ఇంతింత తిప్పుతూ, కొత్త గీతను పాత గీతలో ఆనించి జరుపుకుంటూ పోవాలి. తర్వాత అడ్డ గీతలు. రెండూ కలిసిన చోట పిరమిడ్ లాంటి చిన్న గుబ్బలు లేస్తాయి. చివరికి మూడంచుల ఆకురాయితో ఒక్కో సందునూ విడిగా తీర్చిదిద్దుతాడు. ఒక్క గీత పక్కకు పోయిందా, దాన్ని దాచే దారి లేదు, చూసిన ప్రతివాడి కన్నూ అక్కడే ఆగుతుంది.

అంగుళానికి 20 గీతలు పెడితే గీతకూ గీతకూ మధ్య 1.27 మిల్లీమీటర్ల ఎడం వస్తుంది. పట్టు ఉడుంపట్టే, కానీ రోజంతా కాలిస్తే వేళ్ల చర్మం లేచిపోతుంది. బట్టల్ని కూడా కొరుకుతుంది. 30 పెడితే ఎడం 0.85 మిల్లీమీటర్లు, చేతికి హాయి, పట్టు మాత్రం కొంత తగ్గుతుంది. చాలామంది నడుమ 25 దగ్గర ఆగుతారు. లోతుకూ హద్దుంది. ఆ పట్టీ పలచన, దాని వెనకే తూటాల మ్యాగజైన్ కూర్చునే గూడు ఉంది. అత్యాశకు పోయి కోస్తే పిడి బలం పోతుంది. మామ్మ చెప్పిన "చూసి కొట్టు" ఇక్కడ మిల్లీమీటర్ల లెక్కలోకి దిగింది.

గళ్లు పూర్తయినా పిస్టల్ వెంటనే చేతికివ్వరు. కొత్తగా లేచిన గుబ్బల మొనలు ముళ్లలా ఉంటాయి. సన్నని గరుకు కాగితంతో వాటి మీద తేలిగ్గా నాలుగుసార్లు రుద్ది, పట్టు పోకుండా పదును మాత్రం చంపుతారు. మా పెరట్లోనూ అంతే. గంట్లు కొట్టిన అతను డబ్బులు తీసుకుని వెళ్లాక మామ్మ రోలు కడిగి, ముందు గుప్పెడు తవుడు వేసి రుబ్బేది. రాతి పొడి కలిసిన ఆ తవుడు ఎత్తి అవతల పారబోసి, మళ్లీ కడిగి, అరచేయి రోలు గుంటలో గుండ్రంగా తిప్పి చూసుకునేది. చేతికి గుచ్చుకోకుండా, అలాగని జారిపోకుండా ఉందనిపించాకే నానిన మినప్పప్పు తెమ్మనేది.