పక్క పేజీలో తెలుగు

మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర బస్సు దిగి, ఆటో పట్టుకుని మా బడికి పోవాల. ఆ దారిన ఇరవై ఏళ్ళకు పైగా తిరుగుతున్నాను, ఇంగ్లీషు చెప్పడానికి. కిందటేడు ఏడో తరగతిలో ఒక పిల్లవాడు పాఠం గడగడా చదివేశాడు. ఎక్కడా తడబడలేదు. "బాగా చదివినావు అబ్బీ, ఆ కతలో ఏం జరిగిందో చెప్పు" అన్నా. తల వంచుకున్నాడు. "చదవను వచ్చాది సార్. ఏం జెప్పినారో తెలీదు."

ఇలాంటి ఫిర్యాదునే రెండు వందల ఏళ్ళ కిందటి నివేదికలో చదివాను. తమాషా ఏమిటంటే, అందులో బాధ ఇంగ్లీషు గురించి కాదు, మన బడుల్లో మన చదువు గురించే.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రెసిడెన్సీలో ఉన్న బడుల లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాన్ని ఏలిన మన్రోనే. మా కడప నుంచి 494 బడులని లెక్క పోయింది. కానీ చదవాల్సింది పక్కనున్న బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు. అక్కడ 533 బడులు. కన్నడం చెప్పేవి 235, తెలుగు 226, మరాఠీ 23, పారశీ 21, తమిళం 4. బ్రాహ్మణ పిల్లల శాస్త్రాల బడులు 23. ఇంగ్లీషు చెప్పేది ఒకే ఒక్కటి.

ఈ క్యాంప్‌బెల్ భాష తెలియని దొర కాదు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించాడు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పే మన పద్ధతిని మెచ్చుకున్నాడు కూడా. ఆయన కంప్లయింటు వేరు. పిల్లలు పద్యాలు వల్లిస్తారు. ఆ పద్యాల భాష వాళ్ళు ఇంట్లో మాట్లాడేది కాదు, చాలాచోట్ల అయ్యవారికే అర్థం తెలియదు, పిల్లవాడు చిలకలా అప్పజెబుతాడు అన్నాడు. ఇందులో దొరతనం కొంత ఉంది. చిన్నప్పుడు అర్థంకాని పద్యం నలభై ఏళ్ళ తర్వాత పొలం గట్టు మీద అర్థమైన పెద్దవాళ్ళను నేనెరుగుదును. అయినా ఆ చిలక మాట నన్ను వదల్లేదు.

మనవాడే ఒకడు అంతకు ముందే ఇట్లాంటి మాట అన్నాడు. వెన్నెలకంటి సుబ్బారావు, ఒంగోలు ప్రాంతం వాడు, కష్టపడి ఇంగ్లీషు నేర్చుకుని మద్రాసు సదర్ అదాలతులో దుబాసీ అయ్యాడు. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఇచ్చిన నివేదికలో, అర్థం తెలియకుండా బట్టీ పట్టించే పద్ధతిని తప్పుబట్టాడు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న స్వీయచరిత్ర చనిపోయాక చాలా ఏళ్ళకు, 1873లో అచ్చయింది.

అదే 1820లో సి. పి. బ్రౌన్ కడపకు ఉద్యోగానికి వచ్చాడు. బ్రౌన్ అంటే మనకు నిఘంటువు, వేమన. నాకు మాత్రం ఆయన ముందు ఒక విద్యార్థి. మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దుకుని వచ్చాడు. వచ్చీ రాగానే, 1821లో, కడపలో రెండు ఉచిత బడులు పెట్టించాడు. తర్వాత సొంత డబ్బుతో పండితులను బంగళాలో కూర్చోబెట్టుకుని ముప్పై ఏళ్ళు తెలుగు నేర్చుకున్నాడు. తెలియని భాషకు తెలిసిన భాషతోనే తలుపు తీశాడు. 1852లో వచ్చిన ఆయన నిఘంటువులో తెలుగు మాట పక్కనే ఇంగ్లీషు అర్థం ఉంటుంది. పరాయి భాష నేర్చుకునేటప్పుడు సొంత భాష మరిచిపొమ్మని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదేమో!

ఆ మాట మా పిల్లలకు చెప్పాం. నేను మొదట పనిచేసిన ప్రైవేటు బడిలో (పేరెందుకు) తెలుగులో మాట్లాడితే రూపాయి జరిమానా. ఆ రూపాయిలు వసూలు చేసింది నేనే. ఒక పాప జరిమానా కట్టలేక మధ్యాహ్నం దాకా నోరు తెరవలేదు. నేనది క్రమశిక్షణ అనుకున్నాను.

2008లో సర్కారు హైస్కూళ్ళలో సక్సెస్ స్కూళ్ళ పేరుతో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు వచ్చాయి. 2019 నవంబరులో ఒకటి నుంచి అన్ని బడుల్లో ఇంగ్లీషు మీడియమే అని జీవో 81. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తల్లిదండ్రులను అడిగితే నూటికి తొంభై మందికి పైగా ఇంగ్లీషే కావాలన్నారు. పత్రికల్లో మేధావులు వాళ్ళను కోప్పడ్డారు. నాకు కోపం రాలేదు. కువైట్‌లో ఇంటిపని చేసే తల్లి, కొడుక్కు ఇంగ్లీషు రావాలని ఎందుకనుకుంటుందో మైదుకూరులో ఎవర్నడిగినా చెబుతారు.

ఆ గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది పుస్తకాలు. ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. చాలామంది సార్లు నవ్వారు, ఇంక ఇంగ్లీషు పేజీ ఎవడు చదువుతాడని. నేనూ అట్లే అనుకున్నా.

అమెరికాలో మన పిల్లలకు బడిలో ఇంగ్లీషు అందకపోతే సాయం చేయడం బడి బాధ్యత. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయుల పిల్లల కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదంది. అక్కడ పిల్లవాడికి వీధిలోనూ ఇంగ్లీషే. మావాడికి నలభై నిమిషాల పీరియడు దాటితే ఎక్కడా వినబడదు. మరి ఎవరికి సాయం ఎక్కువ కావాల?

అందుకని ఈ ఏడు ఒక పని చేస్తున్నా. ముందు పక్క పేజీ చదివిస్తా. తెలుగులో మాట్లాడుకుంటాం, కొట్లాడుకుంటాం. తర్వాతే ఇంగ్లీషు పేజీ. వారానికొకసారి వాళ్ళకు బాగా తెలిసిన పని ఒకటి ముందు తెలుగులో రాసి, ఇంగ్లీషులోకి తెమ్మంటా. ఆ ఏడో తరగతి పిల్లవాడు ఇప్పుడు ఎనిమిది. పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం రెండు పేజీలు రాసినాడు. ఇంగ్లీషులో ఒక్క మాట దగ్గర ఆగిపోయి నా దగ్గరికొచ్చాడు.

"సార్, కొమ్ములను ఏమంటారు?"

"ఫింగర్స్."

"యేళ్ళా?" అని తన చెయ్యి చూసుకున్నాడు. నవ్వుతా పోయి రాసుకున్నాడు.