ఫరో గాదె, పస్తాపూర్ గాదె

ఏడేండ్ల కరవులో యోసేపు ఐగుప్తును బ్రతికించిన సంగతి మనందరికీ తెలుసు. ఆదికాండము 47వ అధ్యాయాన్ని మాత్రం తొందరగా చదివి దాటేస్తాము. ధాన్యం కోసం జనులు మొదట వెండి ఇచ్చారు, తర్వాత పశువులను, చివరికి పొలాలను. గాదె ఫరోది. ప్రాణం నిలిచింది గాని భూమి పోయింది.

మన ధర్పల్లికి దక్షిణంగా, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ప్రాంతంలో వేరే రకం గాదె పుట్టింది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలు 1990లలో దాన్ని నడిపించాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే. పడావు పడ్డ చెలకలు సాగు చేసుకోమని పేద రైతులకు అప్పిచ్చారు. బాకీ తీర్చాల్సింది డబ్బుతో కాదు, జొన్నలతో. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని రోజుల్లో తక్కువ ధరకు ఇచ్చారు.

ఎవరికి ఎంత? ఊరివాళ్లే కూర్చుని ఏ ఇంట్లో ఎంత లేమి ఉందో తేల్చారు. ఎక్కువ పేదవారికి ఎక్కువ గింజలు. నలుగురిలో మన లేమి బయటపడటం కష్టమే. కానీ ఆకలి సంగతి పొరుగింటికి తెలిసినంతగా ఆఫీసుకు తెలుస్తుందా?

రెండు రూపాయల కిలో బియ్యం ఎన్ని కడుపులు నింపిందో మనం చూశాము, దాన్ని తక్కువ చేయము. అయితే ఆ బియ్యం బయటి నుంచి వచ్చేది, ఊరి చెలక పడావుగానే ఉండేది. ఇక్కడ జొన్నలు అమ్మిన డబ్బు మళ్లీ ధాన్య నిధిలోకే చేరింది. దానితో మరికొన్ని పడావు చెలకల్లో నాగలి కట్టారు.